లాంతర్ బార్ నేలమాళిగలో సాక

తమ్ముడు ఎల్లేష్‌ను నాంపల్లి స్టేషన్ అవతల పట్టాల మీద చూసినప్పుడు పోశవ్వ ముందు ఏడవలేదు. నెత్తురు కోసం వెతికింది.

రైలు అతని రెండు కాళ్లనూ మోకాళ్ల కింద తెంపుకుపోయింది. అంత పని జరిగిన చోట కంకర ఎర్రగా ముద్దయి ఉండాలి. ఆమె వంగి రాళ్లు తిరగేసి చూసింది. కింద దుమ్ము పొడిగా ఉంది. చొక్కా ఎత్తింది. వీపు నిండా గొలుసు కడియాల అచ్చులు, ఒకదాని పక్కన ఒకటి, నల్లగా కమిలి ఉన్నాయి. ముందు పళ్లు లేవు. కుడిచేతి వేళ్లు వెనక్కి విరిగి ఉన్నాయి.

"రైలు గొలుసుతోని కొడతదా సారూ?" అని పక్కనున్న కానిస్టేబుల్‌ను అడిగింది.

"తాగి పడ్డడమ్మా. బార్ల పనిజేసేటోడే గదా. జర జరుగు, బండి వచ్చేదుంది."

"మా తమ్ముడు తాగడు. గా వాసన పీల్చీ పీల్చీ, ఇంటికొస్తే అన్నం గూడ సయించకపోతుండె వానికి."

కానిస్టేబుల్ ఆమె చేతిలోంచి చొక్కా అంచు లాగి శవం మీద కప్పేశాడు. అంతటితో విచారణ అయిపోయింది. రైలు ప్రమాదమని రాసుకున్నారు. ఎల్లేష్ పనిచేసే లాంతర్ బార్‌లో వెతికామనీ, కొట్టడానికి వీలైన వెనక గది గానీ, కింద గది గానీ ఏదీ అక్కడ లేదనీ కూడా రాసుకున్నారు.

పోశవ్వకు దెబ్బలు కొత్త కాదు. వికారాబాద్ అవతల మెట్ట ఊళ్లో పుట్టింది. పత్తి ఏరే వయసులో ఆసామి చేతి కర్ర తిన్నది. పెళ్లయి నాంపల్లికి వస్తే మొగుడు గూడ్స్ షెడ్డులో హమాలీ. పగలు బస్తాలు మోసిన చేతులతో రాత్రి ఆమెను కొట్టేవాడు. ఒకరోజు చీపురు కర్రతో ఆమె అతని మోచెయ్యి విరగ్గొట్టింది. ఆ తర్వాత అతను బతికిన నాలుగేళ్లూ గుట్టుగా బతికాడు. పిల్లలు పుట్టలేదు. అమ్మ పోతే ఊరి నుంచి తెచ్చుకున్న తమ్ముణ్నే సాకింది. తన కంచంలో తినిపించింది, తన కొంగులో పడుకోబెట్టింది. వాడికి లాంతర్ బార్‌లో గ్లాసులు కడిగే పని చూపించింది పక్క ఊరి బిచ్చయ్య. ఆ బార్‌లో ముసలి వెయిటర్. పోశవ్వను చెల్లె అంటాడు.

ఆమె మాత్రం మున్సిపాలిటీ కాంట్రాక్టులో రోడ్లు ఊడుస్తుంది. అబిడ్స్ పెద్ద రోడ్డు నుంచి గన్‌ఫౌండ్రీ వైపు తిరిగే సందు దాకా ఆమె బీటు. నారింజరంగు జాకెట్టు తొడుక్కుని ఇరవై ఏళ్లుగా అక్కడి బంగళాల గేట్ల ముందు ఊడుస్తోంది. లోపల ఏముందో ఆమెకు తెలియదు. లోపలివాళ్లకు ఆమె ముఖం తెలియదు. పెద్ద బంగళాల ముందు నిలబడి పనిచేసేవాళ్ల ముఖాలు చూడటం ఈ నగరానికి ఎన్నడూ అలవాటు లేదు. దొరలున్నప్పుడూ లేదు, దొరలు పోయాకా రాలేదు.

తమ్ముడు పోయాక ఆమెను పట్టి పీడించింది ఒక్కటే ప్రశ్న. వాడి ప్రాణం ఎక్కడ పోయింది?

ఇది ఊరికే అడిగే మాట కాదు. వాళ్లింట్లో మనిషి పోతే, ప్రాణం పోయిన చోట నేల మీద కల్లు పోస్తారు. దాన్ని సాక అంటారు. ఆ చోట నేల తడిస్తేనే పోయినవాడి దూప తీరుతుంది. లేకపోతే వాడు నోరెండబెట్టుకుని అక్కడే కూర్చుంటాడు. పోశవ్వ ప్రతి అమాసకూ పట్టాల దగ్గరికి వెళ్లి కంకర మీద సాక పోసింది. పోస్తున్నంతసేపూ అది తప్పుడు చోటని ఆమెకు తెలుసు. కలలో ఎల్లేష్ వచ్చేవాడు. పళ్లు లేని నోరు తెరిచి చూపించేవాడు. నాలుక బెల్లం గడ్డలా ఎండిపోయి ఉండేది.

బిచ్చయ్యను అడిగింది. గుడిసె ముందు కూర్చుని అడిగింది, బస్టాపులో పట్టుకుని అడిగింది.

"నేను గా దినం జల్ది ఇంటికి వోయిన చెల్లె. నా ఒళ్లు బాగలేకుండె" అనేవాడు బిచ్చయ్య. కళ్లు మాత్రం ఆమె కాళ్ల మీదే ఉండేవి.

నాంపల్లి కోర్టులో పేదల కేసులు చూసే వకీలమ్మ సౌభాగ్య పిటిషన్ వేసింది. కానీ ఉన్నమాట దాచలేదు. "పోశవ్వా, కొట్టిన గది ఉన్నదని చూపించినా సగమే. గా గదిల గీయనను కొట్టిన్రు, నేను జూసిన అని నోరు విప్పేటోడు ఒకడు గావాలె. అప్పటిదాంక గిది రైలు కేసే."

అలా ఏడాది దాటింది. ఒక ఆదివారం పొద్దున లాంతర్ బార్ ముందు సీసా పెంకులు ఊడుస్తుంటే వెనక నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. పది పన్నెండు మందిని వెంటేసుకుని, పాత ఇళ్లూ పాత మద్యం దుకాణాలూ చూపించే పిల్ల. పేరు శ్రీవిద్య. మెడలో కార్డు, చేతిలో చిన్న మైకు.

"ఇది రెసిడెన్సీ రోజుల నాటి షరాబ్‌ఖానా అని చెప్తారు. గోరా సోల్జర్లు, రైల్వే ఇంజినీర్లు వచ్చేవాళ్లు. దీని స్పెషాలిటీ ఏంటంటే, కింద ఒక నేలమాళిగ ఉంది. తాగి గొడవచేసిన వాళ్లను అందులో పెట్టి తాళం వేసేవాళ్లట. ఓనర్ ఈ మధ్యే అడ్డుగోడ తీయించి, సున్నాలు వేయించి మనలాంటి వాళ్ల కోసం ఓపెన్ చేశారు."

పోశవ్వ చేతిలో చీపురు ఆగిపోయింది. గుంపు కదిలాక ఆ పిల్ల దగ్గరికి వెళ్లింది.

"బిడ్డా, కింద అర్ర ఉన్నదా?"

"ఉందమ్మా. చాలా పాతది."

"నేను సూడొచ్చునా?"

శ్రీవిద్య ఆమె జాకెట్టు వైపు చూసింది, తర్వాత ముఖం వైపు చూసింది. "ఎందుకు చూడకూడదు? మీరు రోజూ ఊడ్చే రోడ్డే కదా ఇది. వచ్చే ఆదివారం రండి. మీకు టికెట్ వద్దు."

ఆ ఆదివారం పోశవ్వ జాకెట్టు ఇంట్లో వదిలేసింది. ఆకుపచ్చ చీర కట్టి, జడ వేసుకుని, కల్లు కాంపౌండులో ఒక సీసా నింపించుకుని బట్టసంచిలో అడుగున పెట్టుకుంది. వకీలమ్మకు చెప్పలేదు. చెబితే కాగితం తెస్తానని ఆపుతుంది. కాగితంతో వెళితే ఆ గదికి మళ్లీ గోడ కడతారు.

మొదట నాంపల్లిలో ఒక రైల్వే దొర బంగళా చూపించారు. సగం కప్పు కూలిపోయి, మిగతా సగంలో ఎవరిదో ట్రాన్స్‌పోర్టు గోడౌను. శ్రీవిద్య పైకప్పులో కొక్కేలు చూపించింది. దొర భోంచేస్తుంటే విసరడానికి గుడ్డ పంకా వేలాడేదని చెప్పింది. గోడలో ఒక రంధ్రం ఉంది. పంకా తాడు దానిలోంచి బయటికి పోయేదట.

"తాడు గుంజేటోడు యాడ కూసుండె బిడ్డా?" అని పోశవ్వ అడిగింది.

"బయట వరండాలోనమ్మా. ఎండలో. నిద్రపోతే లోపలి నుంచి బూటు విసిరేవాళ్లని రాసి ఉంది. తన్నులకు చచ్చిపోయినవాళ్లు కూడా ఉన్నారు. దేశమంతటా అలాంటి కేసులు నడిచాయి. చాలావాటిలో ఏమని తీర్పొచ్చిందో తెలుసా? తిల్లి, అంటే ప్లీహం, ముందే పాడైంది, చిన్న దెబ్బకే పోయాడు, దొర తప్పు లేదు అని."

"గప్పుడు గూడ గదే మాటనా?" అంది పోశవ్వ. 

గుంపులో శ్రీపతి అనే పెద్దమనిషి ఉన్నాడు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కనిపించిన ప్రతిదాన్నీ, కొక్కేన్నీ రంధ్రాన్నీ కుక్కపిల్లనూ కూడా ఫోన్లో వీడియో తీస్తున్నాడు. నడుస్తూ నడుస్తూ పోశవ్వ పక్కకు వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"ఏమ్మా, నీ సంచిలకెల్లి మంచి వాసనొస్తున్నది?"

"కల్లు సారూ."

"అరే! మేం బార్‌కు పోతున్నమమ్మా, టిఫిన్ తీస్కపోయినట్టు నువ్వే తీస్కపోతున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పోశవ్వ కూడా నవ్వింది. సంచిని మాత్రం చంకలోకి ఇంకాస్త లాక్కుంది.

గన్‌ఫౌండ్రీలో ఇంకో మేడ, దాని పక్కన మూతబడ్డ బేకరీ చూసుకుని మధ్యాహ్నానికి లాంతర్ బార్‌కు చేరారు. ఓనరు జితేందర్ గుమ్మంలో నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు. తెల్లచొక్కా, చేతికి బంగారు కడియం, పక్కన నల్ల టీషర్టుల పహిల్వాన్లు ఇద్దరు. పోశవ్వకు కూడా నమస్కారం పెట్టాడు. ఏడాది కింద ఇదే గుమ్మంలో జాకెట్టు తొడుక్కుని అతని కాళ్ల మీద పడి, నా తమ్ముణ్ని ఏంజేసినవ్ అని గుండెలు బాదుకున్న మనిషి ఈమేనని అతనికి తట్టలేదు. అప్పుడు అతను చూసింది జాకెట్టును.

బిచ్చయ్య చూశాడు. కౌంటరు దగ్గర గ్లాసులు తుడుస్తున్న బట్ట అతని చేతిలోంచి జారిపోయింది. 

గోడకు అద్దాల పెట్టెలో ఒక ఇత్తడి మగ్గు ఉంది. "ఇది ఒక కెప్టెన్ మగ్గట" అంది శ్రీవిద్య. "దీనికి ముంబై నుంచి కూడా బేరం వచ్చింది, కానీ సార్ ఇవ్వలేదు."

"మా తాత కాలంది మేడం. పాణం పోయినా ఇయ్య" అని జితేందర్ నవ్వాడు.

తర్వాత కౌంటరు వెనక చెక్కతలుపు తెరిచారు. రాతిమెట్లు కిందికి దిగాయి. మెట్ల మీద చల్లటి సున్నపు వాసన. కింద గది పొడుగ్గా, కమానుల కప్పుతో ఉంది. పసుపు బల్బులు పెట్టారు. ఒక గోడకు ఇనుప కడియాలు, ఇంకో గోడకు మేకుకు తగిలించిన లావుపాటి గొలుసు. "సోల్జర్లను కట్టేసిన గొలుసు" అని దాని కింద పలక.

పోశవ్వ ఆ గొలుసు దగ్గరికి వెళ్లింది. ఒక కడియం మీద బొటనవేలు పెట్టి గుండ్రంగా తిప్పింది. ఆ కొలత ఆమె వేలికి తెలుసు. తమ్ముడి వీపు మీద, స్నానం పోసేటప్పుడు, ప్రతి అచ్చు చుట్టూ ఇలాగే వేలు తిప్పింది.

 కానీ ఆమె వచ్చిన పని వేరే. గది నడుమకు వచ్చింది. సంచిలోంచి సీసా తీసింది. శ్రీవిద్య మైకులో ఏదో చెబుతూ ఆగిపోయింది.

"అమ్మా, ఏం చేస్తున్నారు?"

"సాక బిడ్డా. మా తమ్ముడు ఈ అర్రల సచ్చిపోయిండు. యాడ సచ్చిండో నాకెరుక లేదు. నడుమ పోస్త. యాడున్నా వస్తడు."

 శ్రీపతి చేతిలో ఫోను వీడియో తీస్తూనే ఉంది. పోశవ్వ సీసా వంచింది. తెల్లటి కల్లు బండ మీద పడి నాలుగు వైపులా పాకింది.

"ఎల్లా, తాగు బిడ్డా. తాగి పో."

అప్పుడే మెట్ల మీద నిమ్మసోడా గ్లాసులతో బిచ్చయ్య దిగుతున్నాడు. రోజూ బార్ తెరవగానే, పాతకాలం నుంచి అక్కడ పోయినవాళ్ల కోసమని, మొదటి సీసా నుంచి నాలుగు చుక్కలు గడప మీద విదిలించే మనిషి అతను. ఆ అలవాటును ఏ ఓనరూ మాన్పించలేకపోయాడు. ఏడాదిగా పోలీసుల ముందూ, పోశవ్వ ముందూ బిగించి పట్టుకున్న నోరు అది. పోలీసుకు అబద్ధం చెప్పగలడు, బతికున్న మనిషికి చెప్పగలడు. కళ్ల ముందు సాక తప్పుచోట పారుతుంటే చూస్తూ ఊరుకోవడం అతనివల్ల కాలేదు.

"ఆడ గాదు చెల్లె!" అన్నాడు. "గా మూలకు వొయ్యి. తల గిటు దిక్కుండె. నీళ్లు, నీళ్లు అన్నడు... గీడ."

అనేశాక తనేమన్నాడో తనకే తెలిసింది. పళ్లెం చేతిలోంచి జారి గ్లాసులు మెట్ల మీద భళ్లున పగిలాయి.

ఆ చప్పుడుకు పైనుంచి జితేందర్ దిగాడు. కల్లు మడుగు చూశాడు. ఖాళీ అవుతున్న సీసా చూశాడు. పోశవ్వ ముఖం ఇప్పుడు చూశాడు.

"ఏమన్నవ్ రా ముసలోడా?"

"ఏమనలే సేటూ..."

"తల గిటుండె అన్నడండీ" అన్నాడు శ్రీపతి, పాపం, అడిగారు కదా అని జవాబు చెప్పినట్టు. "నా దాంట్ల రికార్డయింది."

జితేందర్ మెట్టు మీదనుంచే బిచ్చయ్య మూతి మీద తన్నాడు. ముసలివాడు గాజుపెంకుల మీద వెల్లకిలా పడ్డాడు. "తలుపేయ్ రా!" అని అరిచాడు జితేందర్. పైనున్న పహిల్వాన్లలో ఒకడు తలుపు మూసి అడ్డంగా నిలబడ్డాడు. రెండోవాడు కిందికి దూకి నేరుగా శ్రీపతి ఫోను మీదికి పోయాడు. శ్రీపతి ఫోనును పొట్టకింద పెట్టుకుని నేల మీద ముడుచుకున్నాడు. వాడు ఆయన పక్కటెముకల మీద బూటుకాలితో తన్నాడు. ఒకటి విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. "ఇయ్యను! ఇయ్యను!" అని ఆయన కేకలేస్తూనే ఉన్నాడు. గుంపులో ఒకామె చేతిసంచితో వాడి తల మీద బాదింది. ఇద్దరు గోడకు అతుక్కుని ఏడ్చారు. శ్రీవిద్య మైకు గొంతు పెంచి, వీధిలోకి తెరుచుకునే చిన్న జాలీ దగ్గర పెట్టి అరిచింది. "లాంతర్ బార్‌లో చంపుతున్నారు! పోలీసులను పిలవండి! చంపుతున్నారు!" ఆ అరుపు సందు సందంతా గింగురుమంది. జనం వచ్చి పైతలుపు బాదుతుంటే అక్కడి పహిల్వాన్ దాన్ని వీపుతో అదిమిపట్టుకుని పైనే ఉండిపోయాడు.

జితేందర్ బిచ్చయ్య జుట్టు పట్టుకుని తలను మెట్టు అంచుకేసి కొట్టాడు. "నీకు తిండి వెట్టినా లేదా? తాగడానికి పోసినా లేదా? నా ఇంట్ల నిలవడి నా మీదనే చెప్తవా?" మళ్లీ కొట్టాడు. బిచ్చయ్య నోట్లోంచి రెండు పళ్లు, నెత్తురు, నురగ వచ్చాయి.

పోశవ్వ అతని మీద పడింది. జితేందర్ మోచేత్తో ఆమె ముఖం మీద కొట్టాడు. ముక్కు పగిలింది. కింద పడిన ఆమె ఎడమ మణికట్టు మీద మడమతో తొక్కి నిలబడ్డాడు. లోపల ఎముక ఎండుపుల్లలా విరిగింది. అంత నొప్పిలోనూ ఆమె కుడిచేతిలోని సీసాను గుండెకు అదుముకునే ఉంది. అడుగున గుక్కెడు కల్లు మిగిలింది. ఆ సీసాతో అతని తల పగలగొట్టడానికి వీలుంది. ఆమె కొట్టలేదు. పక్కకు దొర్లి, సీసాను గోడవారగా నిలబెట్టి, లేచి, మేకు మీది గొలుసు లాగింది.

ఇరవై ఏళ్లు రోడ్డు ఊడ్చిన కుడిచెయ్యి అది. మొదటి దెబ్బకు అడ్డం వచ్చిన పహిల్వాన్ మోకాలిచిప్ప జరిగి వాడు అమ్మా అని కూలిపోయాడు. రెండో దెబ్బ జితేందర్ దవడకు తగిలింది. మూడోది చెవికి తగిలి చెవి సగం వేలాడింది. తూలి పడబోయిన అతని కాళ్లను ఆమె కాలితో తన్నింది. వీపు మీద మోకాలు వేసి, గొలుసును అతని మెడ చుట్టూ తిప్పి, తన కుడి మణికట్టుకు చుట్టుకుని లాగింది. అతని కాళ్లు కొట్టుకున్నాయి. బంగారు కడియం బండకు తగిలి టకటకమని మోగింది.

"మా వోని వీపు మీద గిదే గొలుసు. గిదే."

"అమ్మా, చచ్చిపోతాడు!" అని శ్రీవిద్య అరిచింది.

"సావనీ."

బిచ్చయ్య పాక్కుంటూ వచ్చాడు. ముందు పళ్లు లేని నోటితో మాట ఈలలా వచ్చింది. "చంపకు చెల్లె. నేను చెప్త. కోర్టుల చెప్త."

"గీడ జెప్పు ముందుగాల. అందరు ఇంటున్నరు."

జితేందర్ గుడ్లు బయటికి వస్తున్నాయి. పోశవ్వ గొలుసు సడలించలేదు, బిగించనూ లేదు. బిచ్చయ్య చెప్పాడు. పైన అద్దాల పెట్టెలో ఉన్న ఆ ఇత్తడి మగ్గు ఒకరోజు కనిపించలేదు. గ్లాసులు కడిగేవాడు కదా అని ఎల్లేష్‌ను కిందికి దింపారు. జితేందరూ ఈ ఇద్దరు పహిల్వాన్లూ గొలుసుతో కొట్టారు. ఏడ దాచినవ్ అని ఒక్కొక్క వేలూ విరిచారు. వాడు తీయలేదనే అన్నాడు. చివరికి మాట ఆగిపోయి నీళ్లడిగాడు. బిచ్చయ్య గ్లాసు తెస్తే జితేందర్ తీసుకుని నేల మీద పారబోశాడు. ఆ తడి వైపు ముఖం తిప్పుకుని, గోడమూలలో పోయాడు. ఆటోలో పట్టాల దగ్గరికి తీసుకుపోయారు.

"మగ్గు?" అంది పోశవ్వ.

"ఐసు డబ్బా ఎనుక పడి ఉండె చెల్లె. రెండు దినాలకు నాకే దొరికింది. తెచ్చి ఇచ్చిన. తుడిచి పెట్టెల పెట్టిండు."

పోశవ్వ గొలుసు బిగించింది. జితేందర్ గొంతులోంచి గురగురమని చప్పుడు వచ్చి ఆగింది. నాలుక బయటపడింది. పైన తలుపును ఇంకా బాదుతూనే ఉన్నారు. ఇంకొక్క క్షణం లాగితే అయిపోతుంది. ఆ క్షణంలో ఆమె కళ్లు గోడవారనున్న సీసా మీద పడ్డాయి. అడుగున మిగిలిన గుక్కెడు కల్లు. విరిగి వేలాడుతున్న ఎడమచెయ్యి.

ఆమె మణికట్టు నుంచి గొలుసు విప్పి వదిలేసింది. జితేందర్ చేపలా నోరు తెరిచి గాలి పీల్చాడు. పోశవ్వ మూలకు పాకింది. తల ఈ దిక్కున అని బిచ్చయ్య చేత్తో చూపించాడు. ఆ బండ మీద, గోడకు దగ్గరగా, మిగిలిందంతా మెల్లగా పోసింది. ఆమె ముక్కునుంచి కారే నెత్తురు కూడా దాంట్లో చుక్కలుచుక్కలుగా పడింది.

"తాగు బిడ్డా" అంది.

పోలీసులు తలుపు పగలగొట్టి దిగేసరికి ఆమె ఆ మూలలోనే కూర్చుని ఉంది. జితేందర్‌నూ ఆమెనూ ఒకే బండిలో ఎక్కించారు. హత్యాయత్నం కింద ఆమె మీద కూడా కేసు పెట్టారు. మన దగ్గర చట్టం అందరికీ సమానమని చూపించడానికి వాళ్లకు అప్పుడే గుర్తొచ్చింది.

శ్రీపతి విరిగిన పక్కటెముకలకు పట్టీ వేయించుకుని, దవాఖాన నుంచి నేరుగా వకీలమ్మ దగ్గరికి వెళ్లి వీడియో ఇచ్చాడు. బిచ్చయ్య మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చాడు. రైలు కేసు కాస్తా హత్య కేసయింది. జితేందరూ పహిల్వాన్లూ చంచల్‌గూడ జైలుకు పోయారు. లాంతర్ బార్ తలుపుకు సీలు పడింది.

విచారణలో జితేందర్ తరఫు వకీలు పోశవ్వను బోనులో నిలబెట్టి చాలాసేపు ప్రశ్నలతో తిప్పాడు.

"బిచ్చయ్య ఆ మాటలు చెప్పేటప్పుడు మీరు మా క్లయింట్ మెడకు గొలుసు బిగించారు. అవునా?"

"ఔ."

"అంటే భయపెట్టి చెప్పించారు."

"గొలుసు బిచ్చన్న మెడకు లేకుండె సారూ. నీ సేటు మెడకుండె. ఆడ గాదు, గీడ అని ఆయన జెప్పినప్పుడైతే నా చేతుల కల్లు సీసానే ఉండె."

కోర్టు హాల్లో ఎవరో నవ్వు ఆపుకున్నారు. వకీలు కాగితాలు సర్దుకుని మళ్లీ అందుకున్నాడు. "మా క్లయింట్‌ను చంపాలనే అనుకున్నారు కదా?"

వకీలమ్మ సౌభాగ్య కూర్చున్నచోటు నుంచే వద్దని తల ఊపింది. పోశవ్వ చూసింది. చూసి కూడా ఉన్నమాటే చెప్పింది.

"ఔ సారూ, చంపాలనే అనుకున్న."

"మరి ఎందుకు వదిలేశారు? జాలి వేసిందా?"

"జాలి ఎందుకైతది? ఒక చెయ్యి ఇరిగిపోయింది. ఉన్న ఒక్క చెయ్యి గొలుసుకే పెడితే సాక ఎట్ల పొయ్యాలె?"

జడ్జి ఆ మాట ఉన్నదున్నట్టు రాయించుకున్నాడు. రెండు కేసులూ ఇంకా నడుస్తున్నాయి. ఆమె మీద కేసు ఎటు పోతుందో వకీలమ్మకే తెలియదు.

పోశవ్వ బెయిలు మీద ఉంది. కాంట్రాక్టరు మొదట పనిలోంచి తీసేశాడు. బీటులో ఆడవాళ్లంతా ఒక పొద్దున చీపుర్లు కిందపెట్టి కూర్చుంటే మళ్లీ పెట్టుకున్నాడు. ఎడమ మణికట్టు సరిగా అతకలేదు, అందుకని చీపురు కుడిచంకలో ఇరికించుకుని ఊడుస్తుంది. ఆదివారాలు శ్రీవిద్య గుంపును తెచ్చి సీలు పడ్డ తలుపు ముందు ఆపుతుంది. ఈమధ్య కెప్టెన్ల గురించి తక్కువ, ఎల్లేష్ గురించి ఎక్కువ చెబుతోంది. పోశవ్వ అక్కడే ఉంటే చీపురు ఆపి వింటుంది. తప్పు చెబితే దిద్దుతుంది. "గ్లాసులు కడిగేటోడనకు బిడ్డా. ఎల్లేష్ అను."

అమాసలకు పట్టాల దగ్గరికి పోవడం మానేసింది. ఎల్లేష్ ఇప్పుడు కూడా కలలోకి వస్తాడు. పళ్లు లేని నోరు అలాగే ఉంటుంది. పెదవులు మాత్రం తడిగా ఉంటాయి.